బయోమెడికల్ ఎందుకంటే... జవాబు కనిగిరి నీళ్ళలో కూడా ఉంది

సంపాదకుల వారికి, నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చింది మొదలు కౌన్సెలింగు ముగిసేదాకా నెల్లూరు, ఒంగోలు వైపు తల్లిదండ్రులు ఆసుపత్రి పరికరాల పనిలో ఉన్నవాళ్ళను ఒక మాట అడుగుతుంటారు: "మావాడికి మెడిసిన్ సీటు రాలా. బయోమెడికల్ అని ఒకటుందంటగా, అది డాక్టరు చదువుకు దగ్గరేనా?" పిల్లలేమో దరఖాస్తులో 'ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు' అన్న గడిలో 'మానవసేవ చేయాలని' అని రాస్తారు. రెండూ మంచి మనసుతో వచ్చే మాటలే. కానీ నాలుగేళ్ళ చదువును మోసే బలం వాటికి చాలదు. రెండో ఏడాదిలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ లెక్కలు ముందు పడినప్పుడు సేవ అన్న మాట ఒక్కటే పట్టుకుని ఎవరూ కూర్చోలేరు. ఒక యంత్రం, అందులో వచ్చే ఒక లోపం, ఆ లోపాన్ని పట్టిచ్చే ఒక అంకె తెలిసిన పిల్లలు కూర్చోగలరు. అలాంటివి మన ప్రాంతంలోనే కావలసినన్ని ఉన్నాయి. అవి చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక తికమక తీరాలి. బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్ళు డాక్టర్లు కారు, రోగికి మందు రాయరు. డయాలసిస్ టెక్నీషియన్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు వేరు, అవి యంత్రాన్ని రోగికి వాడే చదువులు. బయోటెక్నాలజీ కణాలు, జన్యువుల వైపు పోతుంది. ఇది ఇంజినీరింగే. కరెంటు, ఎలక్ట్రానిక్స్, నీటి ప్రవాహం, పదార్థాల బలం నేర్చుకుని, వాటిని మనిషి శరీరం అనే చోట వాడటం. లెక్కలంటే ఇష్టం లేక వచ్చేవాళ్ళకు ఇది సరిపడదు. ఈ మాట దాచి సీటు అంటగట్టడం పిల్లలకు అన్యాయం.

ఇక కనిగిరి నీళ్ళ సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి, ఇటు ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడు గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. పిల్లల పళ్ళ మీద గారే చెబుతుంది. తాగేనీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఉండవచ్చనీ మన దేశ ప్రమాణం. అదే డయాలసిస్‌కు వాడే నీటిలో 0.2 దాటకూడదు. ఇంత తేడా ఎందుకో ఇంటర్ చదివిన ఎవరైనా లెక్కవేసి తెలుసుకోవచ్చు. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి వారానికి 14 లీటర్ల నీరు లోపలికి వెళుతుంది. డయాలసిస్ యంత్రంలో సాధారణంగా నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం పారుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. వారానికి మూడుసార్లు చేయించుకుంటే 360 లీటర్లు. ఆ నీటికీ రోగి రక్తానికీ మధ్య ఉండేది, రక్తాన్ని వడకట్టే డయలైజర్‌లోని వేల సన్నటి గొట్టాల గోడ మాత్రమే. ఒక్కో గొట్టం లోపలి వెడల్పు మిల్లీమీటరులో అయిదో వంతు. తాగిన నీటికి పేగు అడ్డం ఉంటుంది, కిడ్నీ బయటికి పంపుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. (ఫ్లోరైడు వల్లే ఈ ప్రాంతంలో కిడ్నీలు పోతున్నాయని మేము అనడం లేదు. అది డాక్టర్లు తేల్చవలసిన వేరే విషయం.)

అందుకే డయాలసిస్ గదిలో మంచం పక్కన కనబడే యంత్రంకన్నా, వెనక గదిలో నీటిని శుద్ధిచేసే, ఎవరూ చూడని ఆర్‌వో ప్లాంటు మీదే రోగి క్షేమం ఎక్కువ ఆధారపడుతుంది. బోరు నీరో, మున్సిపాలిటీ నీరో ముందు ఇసుక ఫిల్టరులో మడ్డి వదులుతుంది. సాఫ్ట్‌నర్‌లో కాల్షియం, మెగ్నీషియం పోతాయి. కార్బన్ ట్యాంకులో క్లోరిన్ పోతుంది. 5 మైక్రాన్ల ఫిల్టరు దాటి మెంబ్రేన్‌కు, అంటే కరిగిన లవణాలను ఆపే సన్నటి పొరకు చేరుతుంది. వీటిలో ఏది తప్పినా దాని దెబ్బ దానికి ఉంది. సాఫ్ట్‌నర్‌లో కాల్షియాన్ని పట్టుకునే రెసిన్‌ను ఉప్పునీటితో కడిగి మళ్ళీ పనిలోకి తేవాలి. ఉప్పు ట్యాంకు ఖాళీ అయిందని ఎవరూ చూడకపోతే కాల్షియం నేరుగా ముందుకు పోయి మెంబ్రేన్ మీద గారలా పేరుకుంటుంది. నీటితో రోగికి చేరితే వాంతులు, తలనొప్పి, బీపీ పెరగడం. కార్బన్ అయిపోతే క్లోరిన్, క్లోరమిన్ దాటి రక్తకణాలను పగలగొడతాయి, మెంబ్రేన్‌ను కూడా తినేస్తాయి. ఈ రెండూ కలిపి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ప్రతి షిఫ్టుకు ముందు, ప్లాంటు కనీసం పావుగంట నడిచాక నమూనా తీసి చూడాలి. రాత్రంతా ట్యాంకులో నిలిచిన నీటితో పరీక్ష చేస్తే అంకె బాగానే వస్తుంది, పారే నీటి సంగతి మాత్రం తెలియదు. ఆ పావుగంట ఆగే ఓపిక లేక జరిగే పొరపాట్లు ఉన్నాయి.

ఇప్పుడు ఫ్లోరైడు. బోరు నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మెంబ్రేన్ అందులో 95 శాతం ఆపితే బయటికి వచ్చేది సరిగ్గా 0.2, అంటే గీత మీద నిలబడినట్టు. మెంబ్రేన్ పాతబడి 90 శాతమే ఆపితే 0.4, హద్దుకు రెట్టింపు. ప్లాంటు ముందు నిలబడి టీడీఎస్ మీటరు చూసేవాళ్ళకు ఇది కనబడకపోవచ్చు. ఆ మీటరు మొత్తం లవణాలను కలిపి చూపుతుంది, అందులో ఫ్లోరైడు వాటా ఎంతో చెప్పదు. దానికి ఫ్లోరైడు ఎలక్ట్రోడ్‌తోనో ల్యాబ్‌లోనో విడిగా పరీక్ష చేయించాలి. మినరల్ వాటర్ క్యాను మీద నమ్మకం లాంటిది ఇక్కడ పనికిరాదు.

దీనికి చరిత్రలో ఒక చేదు ఉదాహరణ ఉంది. 1993 జులైలో అమెరికాలోని షికాగోలో ఒక డయాలసిస్ కేంద్రంలో నీటిని శుద్ధిచేసే డీఅయొనైజర్ రెసిన్ సామర్థ్యం అయిపోయింది. అది అయిపోతే రెసిన్ కొత్త ఫ్లోరైడును పట్టుకోకపోవడమే కాదు, అప్పటిదాకా పట్టి ఉంచినదాన్ని కూడా ఒక్కసారిగా వదిలేస్తుంది. 12 మంది రోగులు జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. రసాయనశాస్త్రంలో అయాన్ ఎక్స్ఛేంజ్ అని ఇంటర్‌లో ఒక చిన్న పాఠంగా చదివేది ఇదే. కనిగిరి దగ్గర పల్లెలో పుట్టిన పిల్లవాడో పిల్లో దరఖాస్తులో 'సేవ చేయాలని' అనే బదులు, 'మా ప్రాంతం నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. డయాలసిస్ నీటిలో అది 0.2 దాటకుండా చూసే, దాటబోతే ముందే అరిచే తక్కువ ఖర్చు సెన్సరు మీద పనిచేయాలని ఉంది' అని రాస్తే, చదివే ప్రొఫెసర్ ఆ కాగితాన్ని పక్కన పెట్టలేరు. పెట్టినా నష్టం లేదు, ఆ విద్యార్థికి దారి దొరికింది.

రెండో సంగతి సముద్రం వైపుది. కావలి నుంచి కొత్తపట్నం దాకా ఉప్పుగాలి ఇనుముకు ఏం చేస్తుందో పడవల వాళ్ళను అడిగితే చెబుతారు. ఆసుపత్రిలో అది ఈసీజీ తీగల చివర్లను పట్టుకుంటుంది. ఒంటికి అంటించే ఎలక్ట్రోడ్‌కు తగిలించే లోహపు బొత్తం మీద పచ్చగా కిలుము పడుతుంది. దాని ఫలితం కాగితం మీద కనబడుతుంది: సన్నగా రావలసిన గీత రంపం పళ్ళలా వస్తుంది. ఆ పళ్ళను లెక్కపెట్టవచ్చు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. కాబట్టి ఒక్కో చిన్న గడిలో, అంటే మిల్లీమీటరుకు, సరిగ్గా రెండు పళ్ళు ఉంటే అది కరెంటు నుంచి వచ్చిన గోల. పళ్ళు ఎగుడుదిగుడుగా, లెక్కకు అందకుండా ఉంటే రోగి చలికో భయానికో వణుకుతున్నాడు, కండరాల నుంచి వచ్చింది. దుప్పటి కప్పితే తగ్గిపోయేదానికి మిషన్ విప్పడం దేనికి?

కరెంటు గోల ఎందుకు వస్తుందో తెలిస్తే ఈ చదువు రుచి తెలుస్తుంది. చర్మం మీద గుండె చూపే వోల్టేజి సుమారు 1 మిల్లీవోల్టు. గది గోడల్లో 230 వోల్టులు. మన ఒళ్ళు ఆ తీగల నుంచి కొంత ఊపును ఎప్పుడూ అందుకుంటూనే ఉంటుంది. అయితే అది రెండు చేతుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఈసీజీ మిషన్‌లోని యాంప్లిఫయర్ రెండు చేతుల మధ్య తేడాను మాత్రమే పెద్దది చేస్తుంది, రెండింటిలో సమానంగా ఉన్నదాన్ని కొట్టేస్తుంది. మంచి యాంప్లిఫయర్ ఆ పనిని 100 డెసిబెల్స్ మేర చేస్తుంది, అంటే లక్షకు ఒక వంతే మిగులుస్తుంది. ఒక ఎలక్ట్రోడ్ జెల్ ఎండిపోయిందనుకోండి, లేదా ఒక బొత్తం కిలుము పట్టిందనుకోండి. ఆ చేతి దారి ఒక్కటీ ఇరుకవుతుంది. సమానం కాస్తా తేడా అయిపోతుంది. ఇక లక్ష రెట్ల బలం కూడా కాపాడలేదు.

కాబట్టి వెతకడానికి ఒక వరస ఉంది. మొదట ఎలక్ట్రోడ్, ప్యాకెట్ విప్పి ఎన్నాళ్ళయిందో చూడాలి. తర్వాత చర్మం, నూనె, చెమట తుడవాలి. తర్వాత తీగ. చుట్ట బిగించి పెట్టడం వల్ల క్లిప్పు మెడ దగ్గర లోపల రాగి తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనబడుతుంది. మల్టీమీటరు పెట్టి మెడను అటూ ఇటూ వంచితే అంకె ఎగురుతుంది. అప్పటికీ పోకపోతే ఎర్తింగ్, పక్కనున్న ఏసీ, మంచం మోటారు. అన్నిటికన్నా చివర, కరెంటు గోలను గీతలోంచి తీసేసే 50 హెర్ట్జ్ ఫిల్టరు. చాలాచోట్ల మొదట నొక్కేది ఆ మీటే. గీత శుభ్రంగా వస్తుంది, లోపం లోపలే ఉంటుంది, గుండె గీతలోని సన్నటి వంపులు కొన్ని మారిపోయే ప్రమాదమూ ఉంది.

ఎర్తింగ్ మాట వచ్చింది కనుక ఒకటి గట్టిగా చెప్పాలి. సాకెట్టులో పట్టలేదని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు ఆసుపత్రుల్లో ప్రాణాంతకం. చేతికి జివ్వుమని తెలియాలంటే సుమారు 1000 మైక్రోయాంపియర్ల కరెంటు కావాలి. గుండె దాకా తీగ వెళ్ళిన రోగికి 100 ఉన్నా లయ తప్పవచ్చు. అందుకే గుండెకు తగిలే భాగాల నుంచి రోగికి పారే కరెంటు మామూలు స్థితిలో 10 మైక్రోయాంపియర్లు దాటకూడదని ప్రమాణం పెట్టారు. చెయ్యి పెట్టి 'షాకు కొట్టలేదు, బాగానే ఉంది' అనేవాళ్ళకు ఈ 10 ఎప్పటికీ తెలియదు. మీటరుతో కొలిచేవాళ్ళు కావాలి. మెట్ట ప్రాంతంలో వేసవికి ఎర్తింగ్ గుంత ఎండిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పసిపిల్లల వార్డులో కామెర్లకు పెట్టే నీలికాంతి దీపం ఇంకో ఉదాహరణ. దీపం వెలుగుతూనే ఉంటుంది, కంటికి నీలంగానే కనబడుతుంది. కానీ పనిచేసే కాంతి 460 నానోమీటర్ల దగ్గరది. అది తీవ్ర చికిత్సకు చదరపు సెంటీమీటరుకు, ఒక్కో నానోమీటరుకు 30 మైక్రోవాట్లు ఉండాలి. ట్యూబు పాతబడినా, దీపాన్ని ఎవరో పైకి జరిపినా ఆ అంకె పడిపోతుంది. కొలిచే మీటరు లేని వార్డులో బిడ్డ దీపం కింద ఉంటాడు, చికిత్స మాత్రం సగమే అందుతుంది.

ఇంజినీరుకు ఆసుపత్రిలో ఏం పని అని అడిగేవాళ్ళకు ఎర్ల్ బాకెన్ పేరు చెప్పవచ్చు. ఆయన మినియాపొలిస్‌లో ఒక గ్యారేజీలో ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ఎలక్ట్రికల్ ఇంజినీరు. అప్పట్లో గుండె లయను నిలిపే పేస్‌మేకర్లు గోడ సాకెట్టు మీద నడిచేవి. 1957 అక్టోబరు 31న ఆ ఊళ్ళో కరెంటు పోయింది. ఆ తర్వాత గుండె శస్త్రవైద్యుడు వాల్టన్ లిల్లెహై అడిగితే, బాకెన్ ఒక ట్రాన్సిస్టర్ మెట్రోనోమ్ సర్క్యూట్‌ను మార్చి, కొద్ది వారాల్లోనే బ్యాటరీతో నడిచే పెట్టె చేసి ఇచ్చారు. కరెంటు కోతలు ఎరిగిన మన పిల్లలకు ఈ కథ అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు. మన దగ్గర కూడా, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు కాళ్ళకు కట్టుకుని మోసే కిలోల బరువు కాలిపర్లను చూసి, అబ్దుల్ కలాం బృందం రక్షణ రంగపు తేలిక పదార్థాలతో సుమారు 300 గ్రాములకు దించింది. డాక్టరు అవసరం చెబుతాడు, ఇంజినీరు వస్తువు చేస్తాడు.

కోర్సులో ఏముంటుందంటే, పైన చెప్పినవే పాఠాల పేర్లతో ఉంటాయి. సర్క్యూట్లు, సిగ్నల్స్, శరీరధర్మశాస్త్రం, సెన్సర్లు, బయోమెకానిక్స్, బయోమెటీరియల్స్, ఇమేజ్ ప్రాసెసింగ్, మైక్రోకంట్రోలర్లు. చేరే ముందు కాలేజీని రెండే అడగండి: ల్యాబ్‌లో విప్పి చూపే పరికరాలు ఎన్ని ఉన్నాయి, ఏ ఆసుపత్రిలో ఎన్ని వారాలు పనికి పంపుతారు. ఈ రెంటికీ సూటిగా జవాబు రాకపోతే బ్రోచర్ ఎంత మెరిసినా అక్కడ చేరవద్దు.

తెలుగువాళ్ళకు అందే చోట్లు తక్కువే. హైదరాబాద్‌లో ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో ఈ బ్రాంచి ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. నెల్లూరు వాళ్ళకు చెన్నై దగ్గరే కానీ, అక్కడి ప్రభుత్వ కాలేజీ సీట్లకు ఆ రాష్ట్రపు స్థానిక నిబంధనలు ఉంటాయి. బైపీసీ వాళ్ళకు అర్హత ఎక్కడ ఉందో ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదివి చూసుకోవాలి, ఎవరో చెప్పిన మాట మీద ఫీజు కట్టవద్దు. సీటు దొరకలేదని ఆశ వదులుకోనక్కర్లేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఈసీఈ, ఈఈఈ చదివి పీజీలో ఇటు రావచ్చు. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో బయోమెడికల్ పేపరు 2020 నుంచి ఉంది. ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ ఆసుపత్రి, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నాయి. శ్రీచిత్ర అంటే మన దేశంలో గుండె కవాటం తయారుచేసిన చోటు. మొదటి కవాటాన్ని 1990లో రోగికి అమర్చారు.

ఉద్యోగాల మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి ఏళ్ళలో ఎక్కువమందికి దొరికేది సర్వీసు ఇంజినీరు పని. తిరుగుడు ఎక్కువ, రాత్రి ఫోన్లు తప్పవు. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో తయారీ, పరీక్షల వైపు పనులున్నాయి. 2017 వైద్య పరికరాల నిబంధనలు వచ్చాక లైసెన్సు పత్రాలు, నాణ్యత చూసేవాళ్ళ అవసరమూ పెరిగింది. ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల నిర్వహణకు 2015లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దానికోసం దేశమంతటా లెక్క తీస్తే రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయకుండా పడి ఉన్నాయి. ఆ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం కాలం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం కాలం పనిచేయాలి. 95 శాతం అంటే ఏడాదికి 18 రోజులు ఆగవచ్చు. 80 శాతం అంటే 73 రోజులు. పల్లెలో ఉండే కేంద్రానికి ఇచ్చిన వెసులుబాటు దాదాపు రెండున్నర నెలలు. ఆ 73ను తగ్గించడం ఎలా అన్నది ఎవరైనా నాలుగేళ్ళు చదవదగ్గ ప్రశ్నే.

తమకు నిజంగా ఆసక్తి ఉందో లేదో పిల్లలు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఏడీ8232 అనే చిన్న ఈసీజీ బోర్డు, ఆర్డుయినో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, వాడి పారేసే ఎలక్ట్రోడ్లు మూడు చాలు. కుడి చేతికి ఒకటి, ఎడమ చేతికి ఒకటి, కుడి కాలికి ఒకటి అంటించి, కదలకుండా కూర్చుని ల్యాప్‌టాప్‌లో గీత చూడాలి. ఒక ఎలక్ట్రోడ్‌ను సగం ఊడదీసి గీత ఎలా మారుతుందో చూడాలి. పిడికిలి బిగించి చూడాలి. ఒక నియమం మాత్రం తప్పరాదు: ల్యాప్‌టాప్ ఛార్జరు పూర్తిగా తీసేసి, బ్యాటరీ మీదే నడపాలి. ఒంటికి తగిలించిన సర్క్యూట్ ఏ దారిలోనూ గోడ కరెంటును చేరకూడదు. మొదటిసారి గీత రాకపోతే, ఎందుకు రాలేదో వెతుకుతూ భోజనం మరిచిపోయినవాళ్ళు ఈ కోర్సులో చేరవచ్చు. విసుగొచ్చి బోర్డు పక్కన పడేసినవాళ్ళకు వేరే మంచి చదువులు ఉన్నాయి.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. మొదటిది, నెల్లూరు, ఒంగోలులోని బోధనాసుపత్రులు, డయాలసిస్ కేంద్రాలు నడిపేవాళ్ళకు: రోగులు లేని వేళ చూసి, నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇంటర్ విద్యార్థులను పదిమంది చొప్పున ఆర్‌వో గదికి, పరికరాల మరమ్మతు గదికి రానివ్వండి. వార్డుల్లోకి అక్కర్లేదు, రోగి ముఖం కనబడనక్కర్లేదు. ఆ రోజు నీటి పరీక్ష పుస్తకం తెరిచి చూపితే చాలు. రెండోది, జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్ళకు: ఫిజిక్సు, కెమిస్ట్రీ అధ్యాపకులను కూడా పిల్లలతో పంపండి. అయాన్ ఎక్స్ఛేంజ్ పాఠం మర్నాడు వాళ్ళు చెప్పే తీరే మారుతుంది. తేదీ ముందుగా తెలిస్తే మల్టీమీటర్లు, తెగిన ఈసీజీ తీగలు, కోసి చూపడానికి వాడని డయలైజర్ ఒకటి మేమే తెస్తాం.

ఇట్లు,
ఆసుపత్రి పరికరాల నిర్వహణలో పనిచేస్తున్న కొందరం,
నెల్లూరు, ఒంగోలు